వంద కాట్లలో పదిహేను: పల్నాడు నాగుపాము లెక్క

వంద పాముకాట్లు తీసుకుంటే అందులో 70 విషం లేని పాములవే. మిగిలిన 30 విషపాములవి. ఆ 30లోనూ సగం కాట్లలో విషం ఒంట్లోకి దిగదు, దిగినా ప్రాణం మీదికి వచ్చేంత దిగదు. పాముకాటు చికిత్స గురించి మన దేశంలో డాక్టర్లకు నేర్పే జాతీయ విధానంలో ఉన్న లెక్క ఇది. అంటే నూటికి 85 మంది విషానికి విరుగుడు అక్కర్లేకుండానే బతుకుతారు. మిగిలిన 15 మందికి మాత్రం ఆసుపత్రి తప్ప వేరే దిక్కు లేదు.

మాచర్ల నుంచి నరసరావుపేట దాకా ఏ ఊళ్లో కూర్చున్నా పాము కథలు వినబడతాయి. మంత్రం వేస్తే లేచి కూర్చున్నాడని, పసరు పోస్తే విషం దిగిపోయిందని, కోడిని కాటు మీద పెడితే అది చచ్చి మనిషి బతికాడని చెబుతారు. చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లు చూసింది ఆ 85 మందిని. పసరు పోసినా పోయకపోయినా బతికేవాళ్లు వాళ్లు. చనిపోయినవాడి గురించి మాత్రం ‘ఆయుష్షు తీరింది’ అని మాట ముగిస్తారు. మంత్రగాడి ఖాతాలో గెలుపులే జమ అవుతాయి, ఓటమి విధి ఖాతాలో పడుతుంది. పల్నాడులో నాగుపామును అర్థం చేసుకోవాలంటే ముందు ఈ లెక్క సరిచేసుకోవాలి.

2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుంచి విడిపోయి, నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. 28 మండలాలు, సుమారు 7,300 చదరపు కిలోమీటర్లు. 2011 జనగణన ప్రకారం ఈ ప్రాంత జనాభా 20.4 లక్షలు. నాగుపాముకు కావాల్సినవన్నీ ఇక్కడ ఉన్నాయి. 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ కింద వరి వచ్చింది, వరి వెంట కప్పలు, ఎలుకలు వచ్చాయి. కాలువ అందని చోట నల్లరేగడిలో పత్తి, మిరప, కంది. ఎండాకాలంలో ఆ రేగడి చేయి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు సున్నపురాయి క్వారీల పక్కన రాళ్ల గుట్టలు, మాచర్ల వైపు నాపరాళ్లు పేర్చి కట్టిన ప్రహరీలు, పడమట నల్లమల అంచు. పుట్టలకైతే కొదవే లేదు. ఎండ 45 డిగ్రీలు దాటే రెంటచింతలలో కూడా పుట్ట లోపలి గదుల్లో చల్లగా, చెమ్మగా ఉంటుంది. తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేని జీవికి అంతకంటే మంచి ఇల్లు దొరకదు.

మన వాళ్లు నాగుపామంటారు, తాచంటారు. రంగును బట్టి నల్లతాచు, గోధుమతాచు అని, పొగరును బట్టి కోడెతాచు అని వేరువేరుగా పిలుస్తారు. పల్నాడు చేలల్లో కనిపించే ఇవన్నీ ఒకే జాతి. 1758లో లిన్నేయస్ లెక్కకెక్కించిన ఈ జాతి ఇప్పుడు శాస్త్రంలో నాజా నాజా. పడగ వెనక కళ్లజోడులాంటి గుర్తు దీని ఆనవాలు, కొన్నింట్లో అది చెరిగిపోయినట్టు మసకగా కూడా ఉంటుంది. సాధారణంగా మీటరు నుంచి మీటరున్నర పొడవు. రెండు మీటర్లు దాటినవి అరుదు. ‘పది అడుగుల తాచును చూశా’ అని ఎవరైనా చెబితే అది చాలావరకు భయం కొలిచిన పొడవు. అంతకు మించి పెరిగే గిరినాగు వేరే జీవి. మన రాష్ట్రంలో దాని నివాసం ఉత్తరాంధ్ర తూర్పు కనుమల అడవులు, పల్నాడు కాదు.

పడగను దగ్గరగా గమనిస్తే దాని నిర్మాణం తెలుస్తుంది. మెడ దగ్గరి పక్కటెముకలు మిగతా ఒంట్లోని ఎముకల కంటే పొడవుగా ఉంటాయి. మామూలుగా అవి వెనక్కి వాలి ఒంటికి అంటుకుని ఉంటాయి, అందుకే పారిపోతున్న తాచుకు పడగ కనబడదు. బెదిరినప్పుడు ఒంట్లో ముందు భాగాన్ని నిలువుగా లేపి, ఆ ఎముకలను పక్కలకు, ముందుకు తిప్పుతుంది. ఎముకల మీద చర్మం బిగుసుకుని పరుచుకుంటుంది. పొలుసుల వరసలు ఎడంగా జరిగి, మధ్యలో లేత చర్మం బయటపడుతుంది. ఇదంతా ‘దగ్గరికి రావద్దు’ అని చెప్పడానికి. పడగ విప్పి బుసకొట్టిన పాము ఎదుటివాడికి తప్పుకోవడానికి సమయం ఇస్తోంది. ఆ మాట మనకు అర్థమైతే చాలా కాట్లు తప్పుతాయి. పడగ విప్పే వ్యవధి దానికి దొరకని చోటే ప్రమాదం ఎక్కువ. గడ్డివాములోకి చేయి పెట్టినప్పుడు, పిడకల కుప్ప కదిలించినప్పుడు, చీకట్లో గట్టు మీద కాలు వేసినప్పుడు అది బెదిరించడం మాని కరుస్తుంది.

పాములవాడి బూరకు అది ఆడుతుందన్నది కూడా ఈ పడగ కథే. పాముకు బయటికి కనిపించే చెవులు లేవు. నేల అదురును బాగా పట్టుకుంటుంది, గాలిలో వచ్చే శబ్దాల్లో కొన్ని మంద్రస్థాయివే దానికి అందుతాయి. బూర అటూ ఇటూ ఊగుతుంటే, తన మీదికి వస్తున్న వస్తువును కనిపెడుతూ అదీ ఊగుతుంది. కోరలు పీకిన ఆ పాము ఎక్కువ కాలం బతకదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, ఆడించడం, చంపడం నేరం.

తాచు ఏప్రిల్ నుంచి జూలై మధ్య గుడ్లు పెడుతుంది. ఎలుక కలుగులోనో చెదపుట్టలోనో ఒక్క ఈతలో 10 నుంచి 30 దాకా. 48 నుంచి 69 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. అప్పటిదాకా తల్లి గుడ్లను అంటిపెట్టుకుని కాపలా ఉంటుంది, పాముల్లో ఇది అందరు తల్లులూ చేసే పని కాదు. 20 నుంచి 30 సెంటీమీటర్లు ఉండే పిల్ల మొదటి రోజే పడగ విప్పగలదు, కరవగలదు, దాని విషం అప్పటికే సిద్ధంగా ఉంటుంది. ‘పిల్లపామే కదా’ అని కర్రపుల్లతో ఎత్తేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ముంగిసలు, నెమళ్లు, గద్దలు, గుడ్లగూబలు ఈ పిల్లల్లో చాలావాటిని తినేస్తాయి.

ఈ రోజుల లెక్కను మన పంచాంగం పక్కన పెట్టి చూడండి. తెలుగువాళ్లు నాగుల చవితి చేసుకునేది కార్తీక మాసంలో, దీపావళి వెళ్లిన నాలుగో రోజున. అప్పటికి ఆ ఏటి పిల్లలు పుట్టలోంచి వెళ్లిపోయి ఉంటాయి, పుట్టలో పెద్ద పాము ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఉన్నా అది పాలు తాగదు. పాలు పిల్లలకిచ్చి పెంచే జంతువుల ఆహారం, పాముకు వాటిని అరిగించుకునే ఏర్పాటు లేదు. రోజుల తరబడి నీళ్లు లేకుండా మాడ్చిన పాము మాత్రం దాహానికి ఏది పెట్టినా నోట్లోకి తీసుకుంటుంది. పుట్టలో పోసిన పాలు, వేసిన గుడ్డు, చల్లిన పసుపు కుంకుమలు లోపల కుళ్లి చీమలను పిలుస్తాయి. ఆ పండుగలోని గౌరవం నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. చేనును కాపాడే జీవికి ఏడాదికి ఒక్కరోజైనా దండం పెట్టే సంస్కారం లోకంలో ఎన్ని చోట్ల ఉంది? దండం చాలు. పాలు పుట్ట పక్కన ఆడుకునే పిల్లలకు పోయండి.

ఆ గౌరవం ఈనాటిది కాదు. ఇప్పటి పల్నాడు జిల్లాలోనే ఉన్న అమరావతి స్తూపపు రాళ్ల మీద, నాగార్జునకొండ శిల్పాల్లో పడగలు విప్పిన నాగరాజులు స్తూపాలకు కాపలా కాస్తూ కనిపిస్తారు. దాదాపు 1,800 ఏళ్ల కిందటి ఆ శిల్పి పడగను ఎంత శ్రద్ధగా చూశాడో ఆ అంచుల వంపు చెబుతుంది.

చేనును కాపాడే జీవి అన్న మాట ఊరికే అనలేదు. చిన్న లెక్క వేద్దాం. ఒక పొలం ఎలుక రోజుకు 20 గ్రాముల గింజలు తింటుందనుకుంటే ఏడాదికి 7 కిలోల పైచిలుకు. తాచు వారానికి ఒక ఎలుకను పట్టిందనుకుంటే ఏడాదికి 50. అంటే సుమారు 365 కిలోలు, 75 కిలోల లెక్కన దాదాపు ఐదు బస్తాల ధాన్యం. ఎలుక తినేదాని కంటే కొరికి పాడుచేసేది, కలుగులో దాచేది ఎక్కువని ప్రతి రైతుకూ తెలుసు, అది ఇందులో కలపలేదు. మూడు వారాలకు ఒక ఈత ఈనే జీవిని మందు పెట్టి అదుపు చేయడం ఎంత కష్టమో కూడా తెలుసు. కలుగు లోపలికంటా వెళ్లి, పిల్లలతో సహా తినే వేటగాళ్లు తాచు, జెర్రిపోతు. పాపం జెర్రిపోతుకు విషమే లేదు. తాచు అనుకుని చంపేవాళ్లు కొందరు, తాచుకు జత అనుకుని చంపేవాళ్లు కొందరు. రెండు పాములు పెనవేసుకుని లేస్తుంటే ‘తాచూ జెర్రిపోతూ సయ్యాట’ అంటారు గానీ, అవి చాలాసార్లు ఆడదాని కోసం బలం చూసుకుంటున్న రెండు మగ జెర్రిపోతులు. వేరు జాతుల మధ్య ఆ జత కుదరదు.

పావు గ్రాము

ఇక విషం. ఒక పెద్ద తాచు నుంచి ఒకసారి తీసే విషాన్ని ఎండబెడితే 169 నుంచి 250 మిల్లీగ్రాములు, అంటే పావు గ్రాము దాకా. 2020లో శాస్త్రవేత్తలు నాగుపాము జన్యుపటాన్ని పూర్తిగా చదివారు. 38 క్రోమోజోములు, 23 వేలకు పైగా జన్యువులు. వాటిలో విషపదార్థాలకు సంబంధించినవి 139, విషగ్రంథిలో మాత్రమే ప్రత్యేకంగా పనిచేసేవి 19. ఆ పంతొమ్మిదిని అడ్డుకునే మందు తయారుచేయగలిగితే ఇప్పటిలా గుర్రాల రక్తం మీద ఆధారపడకుండానే విరుగుడు చేయవచ్చన్నది ఆ పరిశోధన చూపిన దారి.

ఈ విషం రెండు పనులు చేస్తుంది. కాటు చుట్టూ కండను చంపుతుంది, అందుకే వాపు, నొప్పి, తర్వాత పుండు. రెండోది ప్రాణాంతకం. నరం నుంచి కండరానికి వెళ్లే సందేశాన్ని కండరం దగ్గర అందుకునే చోట విషం చేరి కూర్చుంటుంది. మెదడు ఆజ్ఞ ఇస్తూనే ఉంటుంది, కండరానికి అందదు. మొదట అలిసిపోయేవి చిన్న కండరాలు. ఎదుటి మనిషి ఇద్దరుగా కనబడతాడు. కనురెప్పలు వాలిపోతాయి. కుటుంబం ఇక్కడే మోసపోతుంది, ‘నిద్రొస్తోంది’ అనుకుంటారు. రోగి నిద్రపోవడం లేదు, మీ మాటలన్నీ వింటున్నాడు, రెప్ప ఎత్తలేకపోతున్నాడు. తర్వాత మాట ముద్దగా వస్తుంది, ఉమ్మి మింగలేడు, మెడ నిలవదు, చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. ఇవి చాలామందిలో మొదటి రెండు గంటల్లోపే మొదలవుతాయి. ముంగిసకు ఇదే విషం అంతగా ఎక్కదు. సందేశం అందుకునే చోటి నిర్మాణం దాని కండరాల్లో కొంచెం మారి ఉంది, విషం అక్కడ పట్టుకోలేదు. ముంగిస ఏ వేరో తిని బతుకుతుందన్నది కథ మాత్రమే.

ఈ పక్షవాతం తాత్కాలికం అన్నది అందరికీ తెలియాల్సిన సంగతి. ఊపిరి ఆగినా గుండె ఆడుతూంటే, కృత్రిమంగా శ్వాస అందిస్తూ ఉంటే మనిషి తిరిగి లేస్తాడు. నియోస్టిగ్మిన్ 0.5 మిల్లీగ్రాములు, దానికి తోడు అట్రోపిన్ ఇస్తే తాచు కాటులో రెప్పలు మళ్లీ ఎత్తుకోవడం డాక్టర్లు చూస్తుంటారు.

విరుగుడుకు కూడా లెక్క ఉంది. 1890లలో ఆల్బర్ట్ కాల్మెట్ తయారుచేసిన ప్రపంచపు తొలి పాము విరుగుడు నాగుపాము విషానికే. మన దేశంలో వాడే మందు నాలుగు పాములకు కలిపి పనిచేస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. వీటి విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుంచి మందు తీస్తారు. విషం ఎక్కువగా వచ్చేది తమిళనాడులో 1978లో ఇరుల గిరిజనులు పెట్టుకున్న సహకార సంఘం నుంచి. మందు ఒక మిల్లీలీటరు 0.6 మిల్లీగ్రాముల తాచు విషాన్ని అడ్డుకుంటుంది. 10 మిల్లీలీటర్ల వయల్ 6 మిల్లీగ్రాములను. మొదట 10 వయల్స్ ఎక్కిస్తే 60 మిల్లీగ్రాములకు సరిపోతుంది, అవసరమైతే మరో 10. పాము తన దగ్గరున్నదంతా ఒక్క కాటులో దించదు కాబట్టి ఇది చాలావరకు సరిపోతోంది. ‘చిన్నపిల్ల, సగం చాలు’ అని అడగకండి. పాము పిల్లని చూసి తక్కువ విషం వదలదు, కాబట్టి ఐదేళ్ల పిల్లకూ యాభై ఏళ్ల రైతుకూ మందు ఒకే మోతాదు. ప్రాంతాన్ని బట్టి విషం గుణం మారుతుందని బెంగళూరు ఐఐఎస్‌సీ పరిశోధకులు చూపించారు కనుక, ఆంధ్ర పాముల విషంతో కూడా మందు చేయాల్సిన అవసరం ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఎంతమంది?

ఒక అధ్యయనం ప్రకారం దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో చనిపోయినవారు సుమారు 12 లక్షలు. ఏటా సగటున 58,000. తొమ్మిది నిమిషాలకు ఒకరు. సగం మరణాలు జూన్-సెప్టెంబరు మధ్యవే, నాలుగో వంతుకు పైగా 15 ఏళ్ల లోపు పిల్లలవి. అంతకుముందు చేసిన అధ్యయనం 2005 సంవత్సరానికి 45,900 మరణాలని తేల్చింది. ఆసుపత్రుల అధికారిక లెక్కకు ఇది 30 రెట్లు పైనే. కారణం అదే అధ్యయనంలో ఉంది: చనిపోయినవారిలో 77 శాతం ఆసుపత్రి బయటే ప్రాణం వదిలారు.

అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సంఖ్య 5,200, రోజుకు 14 మంది. లక్ష జనాభాకు 6.2. ఆ రేటును పల్నాడు జనాభాకు యథాతథంగా వేస్తే ఏడాదికి 126 ప్రాణాలు. ఇది పాత రేటుతో వేసిన గుణకారం మాత్రమే, నమోదైన లెక్క కాదు. అయినా ఎంత పెద్ద సమస్యతో ఉన్నామో కొలత తెలుస్తుంది.

ఈ మరణాలన్నీ నాగుపాము ఖాతాలో వేయడం కూడా అన్యాయమే. జాతిని గుర్తించిన కాట్లను తీసుకుంటే రక్తపింజరిది సుమారు 43 శాతం, కట్లపాములది 18, నాగుపాములది 12. రక్తపింజరి గుర్తుండాల్సిన పాము. ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చువేసిన పాముల పుస్తకంలో దాన్ని తెలుగు పేరుతోనే ‘కాటుక రేకుల పొడ’ అని నమోదు చేశాడు. పడగ లేదు, పూజ లేదు, కథ లేదు, కాట్లు మాత్రం దానివే ఎక్కువ. కల్లంలో మిరపకాయలకు కాపలాగా నేల మీద పడుకున్నవాళ్లను రాత్రిపూట కరిచేది కట్లపాము. దాని కాటు చీమ కుట్టినట్టు కూడా తెలియకపోవచ్చు.

మాచర్ల నుంచి నరసరావుపేటకు రోడ్డున సుమారు 80 కిలోమీటర్లు. నల్లమల అంచు గూడేల నుంచి ముందు మాచర్ల చేరడానికే సమయం పడుతుంది. మంత్రగాడి దగ్గర పోయే ఒక గంట అక్కడ ప్రాణం ఖరీదు. కాటు పడితే ఆ కాలో చెయ్యో కదలకుండా కర్రబద్దతో కట్టండి, విరిగిన ఎముకకు కట్టినట్టు. తాడు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, గాజులు, మొలతాడు తీసేయండి, వాపు వస్తుంది. నడిపించొద్దు. పామును వెతికి చంపడానికి ఆగొద్దు, లక్షణాలు చూసి మందు ఇస్తారు గనుక చచ్చిన పాము డాక్టరుకు అక్కర్లేదు. రెప్పలు ఎప్పుడు వాలాయో, మాట ఎప్పుడు మారిందో చెబితే ఆయనకు ఎంతో మేలు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన 108కు ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేలా ఉంటే బైకు మీద మధ్యలో కూర్చోబెట్టి వెనక ఒకరు పట్టుకుని బయల్దేరండి. ఇంటి దగ్గర ఎవరూ ‘ఇతను 85లో, ఇతను 15లో’ అని చెప్పలేరు. అందుకే వందమందీ ఆసుపత్రికి రావాలి, లక్షణాలు లేకపోయినా 24 గంటలు డాక్టరు కంటి కింద ఉండాలి.

2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం పెట్టింది. 2024 మార్చిలో కేంద్రం అదే లక్ష్యంతో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది, అదే ఏడాది నవంబరులో పాముకాటును తప్పనిసరిగా నమోదు చేయాల్సిన జబ్బుల్లో చేర్చాలని రాష్ట్రాలకు రాసింది. కాగితం మీది ఈ మాటలు పల్నాడు దాకా రావాలంటే అడిగేవాళ్లు కావాలి. జూన్ రాకముందే మీ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి మూడు సంగతులు అడగండి: పాము విరుగుడు వయల్స్ ఎన్ని ఉన్నాయి, రాత్రిపూట ఇచ్చేవాళ్లు ఎవరు, శ్వాస అందించే బ్యాగు పనిచేస్తోందా. వయల్స్ పదికి తక్కువుంటే సర్పంచి చేత, పంచాయతీ తీర్మానంతో తెప్పించండి.